ఎవరి చేతుల మీదుగా



సికింద్రాబాదులో పీ అండ్ టీ కాలనీ ఉంది. ఉత్తరాలు, టెలిగ్రాములు మోసిన శాఖ పేరు మీద వెలసిన కాలనీ. 1987లో బి. రామలింగరాజు 20 మందిని పెట్టుకుని ఒక కంప్యూటర్ కంపెనీ మొదలుపెట్టింది అక్కడే. పేరు సత్యం. తర్వాత దాని రిజిస్టర్డ్ ఆఫీసు సర్దార్ పటేల్ రోడ్డులోని మేఫెయిర్ సెంటరుకు చేరింది. 1991లో అమెరికాలో ట్రాక్టర్లు తయారుచేసే జాన్ డీర్ పని దొరికింది. 1992లో షేర్లు జనంలోకి వచ్చాయి. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలో పేరు కనిపించింది. 2008 ఆఖరుకి 53 వేల మంది ఉద్యోగులున్నారని చెప్పుకునే స్థాయి. ఊళ్లో సంబంధాలు చూసేవాళ్లు అబ్బాయి ఎక్కడ పనిచేస్తున్నాడంటే "సత్యంలో" అంటే చాలు, ఇంకో ప్రశ్న వేసేవాళ్లు కాదు.

ఆఫీసుల్లో ఉద్యోగుల ఈమెయిళ్ల మీద నిఘా గురించి నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు నాకు ముందు తట్టింది ఈ కంపెనీయే. వాళ్లు ఉద్యోగుల మెయిళ్లు చదివారా లేదా అన్నది నా విషయం కాదు. ఆ కంపెనీ ఎదిగిన తీరును, కూలిన తీరును దగ్గరగా చూస్తే అదంతా ఉత్తరాల కథలాగే కనిపిస్తుంది. ఏ ఉత్తరం ఎవరి చేతుల మీదుగా వెళ్లింది, ఎవరి దగ్గర ఆగింది అన్నదాంట్లోనే సగం కథ ఉంది. దాని సంగతికి వస్తాను. ముందు మామూలు ఆఫీసు మెయిలు సంగతి చూద్దాం.

నేను కొన్నేళ్లు ఒక సంస్థలో మెయిల్ సర్వర్ చూసుకునే పని చేశాను. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఆ పని చేసేవాడికి అందరి మెయిళ్లూ చదివే తీరిక ఉండదు. ఆ మాటకొస్తే చదవాలన్న ఆసక్తి కూడా మొదటి వారంలోనే చచ్చిపోతుంది. కానీ చదవకుండానే చాలా తెలుస్తుంది. ఎవరు ఎవరికి రాశారు, ఎన్నింటికి రాశారు, విషయం అన్న గడిలో ఏముంది, జతచేసిన ఫైలు ఎంత బరువు ఉంది - ఇవి చాలు. పెళ్లి శుభలేఖలు, మియాపూర్‌లో కట్టుకునే ఇంటి ప్లాన్లు, పిల్లల స్కూలు దరఖాస్తులు, ఎల్ఐసీ రసీదులు, తిరుమల గది బుకింగులు అన్నీ ఆఫీసు మెయిల్లోనే నడిచేవి. ఇక రెజ్యూమేలు! ఫలానా టీములో ఎవరు మానేయబోతున్నారో వాళ్ల మేనేజరు కన్నా ముందు మాకు తెలిసేది. రాజీనామా రాకముందే మా గదిలో వీడ్కోలు టీ అయిపోయేది.

ఎలా చూస్తారంటే, పద్ధతి పెద్ద మాయేమీ కాదు. వచ్చిపోయే ప్రతి మెయిలుకూ ఒక నకలు వేరే చోట పడేలా సర్వర్‌కు చెప్పేయవచ్చు. మీరు మీ పెట్టెలోంచి తీసేసినా ఆ నకలు అక్కడే ఉంటుంది. దాని మీద కొన్ని నియమాలు రాసి పెడతారు. కార్డు నంబరులా కనిపించే 16 అంకెలు బయటకు పోతుంటే ఆపు, ఆధార్‌లా 12 అంకెలుంటే ఆపు, క్లయింటు పేరుతో పాటు "రహస్యం" అన్న మాట ఉంటే ఆపు, సొంత జీమెయిల్‌కు పెద్ద ఫైలు పోతుంటే ఆపు. ఆగిన మెయిలు ఒక పక్కన పడుతుంది, ఎవరో ఒక మనిషి దాన్ని తెరిచి చూస్తాడు. ఆ మనిషే అసలు సంగతి. యంత్రం పట్టుకుంటుంది, తెరిచేది మాత్రం మనిషే. ఆ మనిషి ఎవరు, ఎవరికి జవాబు చెప్పుకోవాలి, ఏ కారణం మీద తెరవవచ్చు అని రాసిపెట్టిన కాగితం చాలా చోట్ల ఉండదు. ఉన్నా, ఉద్యోగంలో చేరిన రోజు సంతకాలు పెట్టించిన నలభై కాగితాల్లో ఎక్కడో అడుగున ఉంటుంది.

కంపెనీల వైపు న్యాయం కూడా చెప్పాలి. మన దగ్గర కూర్చుని అమెరికా బ్యాంకు ఖాతాలు, ఇంగ్లండు రోగుల వివరాలు పట్టుకుని పనిచేస్తున్నప్పుడు ఎవరూ ఏమీ చూడకూడదంటే కుదరదు. ఆ క్లయింటు ఒప్పందంలోనే సమాచారం బయటకు పోకుండా చూసే ఏర్పాటు ఉండాలని రాసి ఉంటుంది. ఒక్క ఉద్యోగి నిర్లక్ష్యంగా పంపిన ఒక ఎక్సెల్ షీటుతో మొత్తం టీముకే పని పోవచ్చు. నిఘా ఉండాలా వద్దా అని వాదించుకుంటే ప్రయోజనం లేదు. అది ఉంది, ఉంటుంది.

కాకపోతే సమాచారం బయటకు పోకుండా చూడటానికి వేసిన కన్ను, మనిషి కుర్చీలో ఎంతసేపు కూర్చున్నాడో చూసే కన్నుగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. కరోనా వచ్చి అందరూ ఇళ్లలోంచి పనిచేయడం మొదలుపెట్టాక ఇది మరీ ఎక్కువైంది. 2020 ఆఖరులో మైక్రోసాఫ్ట్ తన ఆఫీసు సాఫ్ట్‌వేర్లో "ప్రొడక్టివిటీ స్కోర్" అని ఒకటి తెచ్చింది. ఎవరు ఎన్ని మెయిళ్లు పంపారు, ఎన్ని మీటింగుల్లో కెమెరా పెట్టారు అని పేరుపేరునా మేనేజర్లకు చూపించేది. గగ్గోలు పుట్టేసరికి డిసెంబరు మొదటి తారీఖున పేర్లు తీసేస్తున్నామని ప్రకటించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో లండన్‌లో బార్‌క్లేస్ బ్యాంకు ఉద్యోగుల కంప్యూటర్లలో పెట్టిన ఒక నిఘా సాఫ్ట్‌వేర్‌ విషయంలో ఇలాగే వెనక్కి తగ్గింది. ఆ సాఫ్ట్‌వేర్ చేసింది మన పుణె కంపెనీ అని తెలిసి గర్వపడాలో సిగ్గుపడాలో అర్థం కాలేదు నాకు.

ఇక 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు పన్నెండు మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. కీబోర్డు మీద పని జరుగుతున్నట్టు నటింపజేశారన్నది నేరం. దీనికోసం మౌస్ జిగ్లర్ అని ఒక చిన్న వస్తువు దొరుకుతుంది. మౌసును దానంతటదే కదిలిస్తూ ఉంటుంది. మనిషి లేచి వెళ్లినా కంప్యూటరుకు మనిషి ఉన్నట్టే. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణాల వాళ్లు కంప్యూటర్ విడిభాగాల్లో చూడని వస్తువు ఉండదు. పనిచేయకుండా పనిచేసినట్టు కనిపించే ఈ వస్తువును మాత్రం వాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి చూసి ఉంటారు. నవ్వులాటకి అంటున్నాను గానీ, దీనిలో ఒక లెక్క ఉంది. మౌసు కదలికను పనిగా లెక్కగట్టే మేనేజరు ఉన్నచోట మౌసును కదిలించే వస్తువు పుట్టి తీరుతుంది. అతను కొలిచేదేదో, వాళ్లు తయారుచేసి ఇచ్చేదీ అదే.

ఇంకో తమాషా కూడా చూడండి. ఉద్యోగి నిమిషాలు లెక్కపెట్టే మన ఐటీ కంపెనీలు, తమ పనిగంటల లెక్క ఎవరికైనా చూపించాలా అంటే, అంతగా అక్కర్లేదు. మన దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. అందులో పనిగంటలు వగైరా చూసే కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ సంస్థలకు ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. మోండా మార్కెట్‌లో కిరాణా కొట్టు నడిపే షావుకారుకు వర్తించే నిబంధన హైటెక్ సిటీలో అద్దాల మేడకు వర్తించదు. కింద ఉన్నవాడి మీద కన్ను, పైన ఉన్నవాడికి మినహాయింపు. ఈ వాలు ఎటువైపు ఉందో గుర్తుపెట్టుకోండి, సత్యం దగ్గర మళ్లీ కనిపిస్తుంది.

కాగితం ఉత్తరం విషయంలో ఈ దేశం ఎంత పట్టింపుగా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతారు. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ప్రకారం తపాలా ఉద్యోగి తన విధికి విరుద్ధంగా ఒక ఉత్తరం విప్పితే రెండేళ్ల దాకా జైలు. ఆ చట్టం తెచ్చింది ఇంగ్లీషు దొరలే. అవసరమైతే తాము విప్పుకోవడానికి అధికారం కూడా అందులోనే ఉంచుకున్నారు. కానీ దానికి అత్యవసర పరిస్థితో, ప్రజల భద్రతో కారణంగా చూపాలి, రాతపూర్వకంగా ఆజ్ఞ ఇవ్వాలి. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఆ అధికారాన్ని ఇంకా వెడల్పు చేస్తూ సవరణ బిల్లు పార్లమెంటులో గెలిపించుకుంది. రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ దాని మీద సంతకం పెట్టలేదు. తిప్పి పంపనూ లేదు. అలా బల్ల మీదే ఉంచేశారు. రాష్ట్రపతి చేతిలో అలాంటి అధికారం ఉందని దేశానికి తెలిసింది ఉత్తరాల మీద తెచ్చిన ఈ బిల్లు మూలంగా. ఆ మరుసటి ఏడే మన పీ అండ్ టీ కాలనీలో సత్యం పుట్టింది.

ఇప్పుడు ఆ 1898 చట్టం కూడా లేదు. 2023లో కొత్త పోస్టాఫీసు చట్టం వచ్చింది, 2024 జూన్‌లో అమలైంది. జైల్ సింగ్ ఆపిన అధికారం కొంచెం వేరే మాటల్లో అందులో చేరింది. అప్పటంత గోల మాత్రం జరగలేదు. ఉత్తరాలు రాసేవాళ్లు తగ్గారు కదా.

ఇక సత్యం దగ్గరకు వద్దాం.

ఒక కంపెనీకి బ్యాంకులో డబ్బు ఉందా లేదా తేల్చడానికి ఆడిటర్లకు ఒక పాత పద్ధతి ఉంది. ఆడిటరు బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాస్తాడు, ఫలానా తేదీన ఈ కంపెనీ ఖాతాలో ఎంత ఉందో చెప్పండని. బ్యాంకు ఆడిటరుకే నేరుగా జవాబు రాస్తుంది. ఆ పోవడంలో గాని రావడంలో గాని కంపెనీవాళ్ల చెయ్యి తగలకూడదు. అదొక్కటే దానిలోని బలం. సత్యం విషయంలో ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలు ఈ ఉత్తరాలు పంపే పనిని, జవాబులు అందుకునే పనిని రెంటినీ సత్యం యాజమాన్యానికే వదిలేశాయని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్చేంజ్ కమిషన్ 2011 ఏప్రిల్‌లో తేల్చింది. 60 లక్షల డాలర్లు జరిమానా వేసింది. ఇంత పెద్ద మోసం ఏళ్ల తరబడి నడవడానికి ఉపయోగపడ్డ పరికరాల్లో ఇదొకటి: ఉత్తరాన్ని మధ్యలో పట్టుకోగలగడం. ఎవర్ని పరీక్షిస్తున్నారో వాళ్ల చేతికే ప్రశ్నపత్రం, జవాబుపత్రం రెండూ ఇచ్చారు.

రెండో పరికరం వాళ్లు సొంతంగా రాసుకున్న సాఫ్ట్‌వేరు. కంపెనీలో బిల్లులు తయారుచేసే ఒక వ్యవస్థ ఉండేది. ఎవరు ఏ బిల్లు వేశారో అందులో కనిపిస్తుంది, అందరికీ తెలిసిన దారి అది. అదే వ్యవస్థలో "సూపర్ యూజర్" అన్న పేరుతో వెనకదారి ఒకటుందని, దాని గుండా 7,561 దొంగ బిల్లులు సృష్టించి మామూలు ఉద్యోగుల కంటికి కనపడకుండా దాచారని సీబీఐ చెప్పింది. వాటి విలువ 5,117 కోట్లు. అంటే ఏమిటి? పని చేసిన ప్రోగ్రామరు రోజువారీ టైంషీటులో అరగంట తేడా వస్తే టీమ్ లీడ్ అడుగుతాడు. వేల కోట్ల బిల్లులు మాత్రం ఎవరూ చూడని గదిలో ఉంటాయి. నిఘా లేని సంస్థ కాదది. కాకపోతే చూపు ఎప్పుడూ కిందికే.

2008 సెప్టెంబరులో ఇదే కంపెనీకి మంచి కార్పొరేట్ పాలనకని గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. అంతకు ముందటి ఏడాది రామలింగరాజుకు ఎర్నెస్ట్ అండ్ యంగ్ ఉత్తమ పారిశ్రామికవేత్త అవార్డు వచ్చింది. మన పత్రికలు, ఛానళ్లు ఆ వార్తలు ఎంత ఇష్టంగా వేశాయో ఇప్పుడు పాత సంచికలు తీసి చూస్తే తెలుస్తుంది. సాఫ్ట్‌వేరు పరిశ్రమ వార్తలు మన దగ్గర ఇప్పటికీ రెండే రకాలు. ఫలానా కంపెనీ ఇన్ని వేల మందిని తీసుకుంటోందన్నది ఒకటి, ఇన్ని వేల మందిని తీసేస్తోందన్నది రెండోది. 2025 జూలైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తామన్నప్పుడూ అంతే. మధ్యలో ఆ కంపెనీలు లోపల ఎలా నడుస్తాయి, లెక్కలు ఎలా రాస్తాయి, మనుషులను ఎలా చూస్తాయి అన్న వార్తకు విలేకరిని పంపే పత్రిక నాకు ఎక్కువగా కనపడలేదు. ప్రెస్ నోటు వస్తుంది, అచ్చవుతుంది. అదీ ఒక ఉత్తరమే, నేరుగా యాజమాన్యం చేతిలోంచి.

2008 డిసెంబరు 16న సత్యం బోర్డు ఒక నిర్ణయం చేసింది. రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి కొనాలని. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరును వెనక నుంచి చదువుకుంటే సత్యమే. వాటాదారులు గంటల్లో తిరగబడ్డారు, నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. లేని డబ్బును ఉన్న భూములతో పూడ్చే ఆఖరి ప్రయత్నమది అని తర్వాత తెలిసింది. ఇది జరిగిన రెండో రోజు, డిసెంబరు 18న, బోర్డులో స్వతంత్ర డైరెక్టరుగా ఉన్న హార్వర్డ్ ప్రొఫెసరు కృష్ణ పాలేపుకు ఒక ఈమెయిలు వచ్చింది. పంపిన పేరు జోసెఫ్ అబ్రహాం. అది మారుపేరు. కంపెనీ దగ్గర చెప్పుకున్నంత డబ్బు లేదని అందులో ఉంది.

ఈ మెయిలు ప్రయాణం చూడండి. పాలేపు దాన్ని మరో డైరెక్టరుకూ, ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటరు ఎస్. గోపాలకృష్ణన్‌కూ పంపారు. అలాంటిదేమీ లేదని, డిసెంబరు 29న ఆడిట్ కమిటీ ముందు అన్నీ వివరిస్తామని ఆడిటరు నుంచి జవాబు వచ్చింది. ఆ తేదీ తర్వాత జనవరి 10కి జరిగింది. మూడు రోజుల ముందే, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాసేశారు: బోర్డుకు, దాని నకళ్లు సెబీకి, స్టాక్ ఎక్స్చేంజీలకు. లెక్కల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవని. 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40కి పడింది. 53 వేల మందిలో చాలామందికి తమ కంపెనీ సంగతి టీవీ చూస్తే తెలిసింది.

ఆ జోసెఫ్ అబ్రహాం ఎందుకు మారుపేరు పెట్టుకున్నాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అసలు పేరుతో, ఆఫీసు చిరునామా నుంచి, ఆఫీసు సర్వరు మీదుగా ఆ మాట రాయగలడా? నేను చూసిన సర్వరు గదిలో అయితే "లెక్కలు", "ఛైర్మన్" అన్న మాటలు ఒకే మెయిల్లో ఉంటే దాన్ని ఎవరు ముందు చదువుతారో నాకు తెలుసు. నిఘా మీద నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉంది. పెళ్లి శుభలేఖ ఎవరో చూశారని కాదు. తప్పు చూసినవాడు దాన్ని చెప్పే దారి ఏదైతే ఉందో, ఆ దారే తప్పు చేసినవాడి గుమ్మం మీదుగా వెళ్తుంది. అలా ఉన్నప్పుడు తెలిసినవాడు నోరు మూసుకుంటాడు, లేదా మారుపేరు పెట్టుకుంటాడు. మారుపేరుతో వచ్చిన ఉత్తరాన్ని నమ్మడం కష్టం, కొట్టిపారేయడం తేలిక. డిసెంబరు 18 నుంచి జనవరి 7 దాకా ఆ మెయిలుకు పట్టిన గతి అదే.

తర్వాతి కథ మీకు తెలుసు. ప్రభుత్వం బోర్డును రద్దుచేసి కొత్తవాళ్లను కూర్చోబెట్టింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కుంది, 2013లో సత్యం అన్న పేరే పోయింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో పాటు మరో తొమ్మిది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్లు జైలు వేసింది. నెల తిరిగేసరికి అప్పీలులో శిక్ష నిలిపి బెయిలు ఇచ్చారు.

సత్యాన్ని చాలామంది భారతదేశపు ఎన్రాన్ అన్నారు. దొంగ లెక్కలతో నడిచిన ఆ ఇంధన కంపెనీ కూలినప్పుడు అమెరికాలో జరిగిన ఒక సంగతి మన ఐటీ కుర్రాళ్లకు తెలిసే ఉంటుంది, చాలామంది దాని మీదే ప్రోగ్రాములు రాసి నేర్చుకున్నారు కాబట్టి. విచారణలో తీసుకున్న ఉద్యోగుల మెయిళ్లను అక్కడి ఇంధన నియంత్రణ కమిషన్ 2003లో బహిరంగంగా పెట్టేసింది. 150 మంది దాకా మనుషులవి, లక్షల మెయిళ్లు. దొంగ లెక్కల మెయిళ్లతో పాటు భార్యాభర్తల తగాదాలు, డాక్టరు అపాయింట్‌మెంట్లు కూడా. మెయిల్ పెట్టెలోకి చెత్త రాకుండా ఆపే ప్రోగ్రాములకు పాఠం చెప్పడానికి ఆ మెయిళ్లను కూడా వాడారు. దోషులూ, ఏమీ ఎరగని గుమాస్తాలూ అందరూ ఒకే బస్తాలో లోకం ముందు పడ్డారు. ఆఫీసు మెయిల్లో ఇంటి సంగతి రాసేవాళ్లు ఒక్కసారి ఇది తలుచుకుంటే చాలు.

రొమేనియాలో బర్బులెస్కు అనే సేల్స్ ఇంజనీరు కథ ఇంకో రకం. కస్టమర్ల ప్రశ్నలకు జవాబివ్వడానికి ఆఫీసువాళ్లు అతనిచేత యాహూ మెసెంజర్ ఖాతా తెరిపించారు. 2007లో అతను అందులో సోదరుడితోనూ, పెళ్లి చేసుకోబోయే అమ్మాయితోనూ కూడా మాట్లాడాడని ఆ మాటలన్నీ అచ్చువేసి ముందు పెట్టి ఉద్యోగంలోంచి తీసేశారు. పదేళ్లు పోరాడాడు. 2017 సెప్టెంబరు 5న యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 11 మంది ఒకవైపు, ఆరుగురు ఒకవైపు అయి అతని పక్షాన తీర్పు చెప్పింది. కంపెనీలు చూడకూడదని ఆ తీర్పు అనలేదు. ఏం చూస్తారో, ఎంత లోతుగా చూస్తారో ముందుగా చెప్పాలి, అంతకన్నా తక్కువ చొరబాటుతో పని కానప్పుడే చూడాలి అంది. దానికి పన్నెండు రోజుల ముందే, ఆగస్టు 24న, మన సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. ఆ హక్కు ముఖ్యంగా ప్రభుత్వం ఎదుట నిలబెట్టుకునేది. కంపెనీ ఎదుట నిలబడాలంటే వేరే చట్టం కావాలి.

ఆ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అని. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అందులోని ముఖ్య బాధ్యతలు ఆ నియమాలు వచ్చిన పద్దెనిమిది నెలలకు అమల్లోకి రావాలి. మన సమాచారం మనల్ని అడిగి తీసుకోవాలన్నది దాని మూలసూత్రం. కానీ ఏడో సెక్షను తీసి చదవండి. ఉద్యోగానికి సంబంధించిన పనుల కోసం, యజమానికి నష్టం కలగకుండా కాపాడుకోవడం కోసం, వ్యాపార రహస్యాలు పోకుండా చూడటం కోసం అయితే ఉద్యోగి అనుమతి అడగక్కర్లేదు. యజమానికి నష్టం అన్నది ఎంత వెడల్పాటి గొడుగో చెప్పనక్కర్లేదు. సత్యంలో ఎవరైనా లెక్కల సంగతి బయటపెడుతూ మెయిలు రాసి ఉంటే, అంతకన్నా పెద్ద నష్టం ఆ యజమానికి ఇంకేముంటుంది?

సత్యం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టంలో దీనికి ఒక విరుగుడు పెట్టారు. 177వ సెక్షను ప్రకారం లిస్టయిన ప్రతి కంపెనీలోనూ తప్పు చూసిన ఉద్యోగి చెప్పుకోవడానికి ఏర్పాటు ఉండాలి, చెప్పినవాణ్ణి వేధించకుండా రక్షణ ఉండాలి, అవసరమైతే ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కే నేరుగా చెప్పే వీలుండాలి. మంచి సెక్షను. జోసెఫ్ అబ్రహాంకు 2008లో ఇది ఉంటే బాగుండేది. చాలా కంపెనీలు దీన్ని అమలు చేశామని వెబ్‌సైట్లో ఒక ఈమెయిలు చిరునామా పెడతాయి. ఆ చిరునామాలో @ గుర్తు తర్వాత ఏముందో చూడండి. కొన్ని కంపెనీలు బయటి సంస్థకు అప్పగించాయి, అక్కడ వేరే పేరుంటుంది. మిగతా చోట్ల కంపెనీ పేరే ఉంటుంది. అంటే ఆ ఫిర్యాదు పెట్టె కూడా అందరి మెయిళ్లూ ఉండే ఆ సర్వరు మీదే ఉంది. దాని నకలు కూడా పక్కన పడుతుంది. దాన్ని చూసుకునేవాడు, నేను ఒకప్పుడు కూర్చున్న కుర్చీలాంటి కుర్చీలో కూర్చుని, ఎవరి దగ్గర జీతం తీసుకుంటున్నాడో వాళ్లకే జవాబు చెప్పుకుంటాడు.